అప్‌డేట్ ఆగిపోయిందా? వెంటనే ఫార్మాట్ మాట ఎత్తకండి!

మీ ఇంట్లో కంప్యూటర్ వుందా? అయితే నీలం తెర మీద తెల్లచుక్కలు గుండ్రంగా తిరుగుతూ, కింద "వర్కింగ్ ఆన్ అప్‌డేట్స్" అని రాసి, ఏదో ఒక అంకె దగ్గర మొండికేసి కూర్చోవడం మీకు కొత్త కాదు. 27 శాతం అంటుంది. కూరకి పోపు పెట్టి వచ్చి చూస్తే 27. బియ్యం కడిగి కుక్కర్ ఎక్కించి వచ్చినా 27! "కంప్యూటర్ ఆపకండి" అని మాత్రం చెబుతుంది. ఎంతసేపు ఆపకూడదో చెప్పదు.

సరిగ్గా అప్పుడే పిల్లవాడు ఈఏపీసెట్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆఖరి రోజు అంటాడు. శ్రీవారు ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఇంటి పన్ను రసీదు కాపీ వెంటనే పంపమంటారు. కంప్యూటర్ కొన్నది ఎవరైనా, వాడేది ఎవరైనా, అది మొరాయించేటప్పటికి ఇంట్లో వుండేది మాత్రం మనమే కదూ!

నేను చదివింది ఇంటర్మీడియట్. కంప్యూటర్ కోర్సులేవీ చెయ్యలేదు. అయినా ఈ పదేళ్లుగా మా ఇంట్లోనూ, మా వీధిలోనూ, ఉయ్యూరు, గుడివాడల్లో వున్న మా చుట్టాల ఇళ్లలోనూ ఈ అప్‌డేట్ల గొడవ చాలాసార్లు చూశాను, చేతనైనంత సరిచేశాను. మిక్సీ జారులో బ్లేడు బిగుసుకుపోతే ఏం చెయ్యాలో మాత్రం మనకి ఏ కాలేజీలో నేర్పారు? ఇదీ అంతే. ఇక్కడ చెప్పేవన్నీ విండోస్ 10, విండోస్ 11 వున్న కంప్యూటర్లకి సంబంధించినవి.

అసలు ఈ అప్‌డేట్లు ఎందుకు?

విండోస్ అంటే కోట్ల వరసల రాత. అంత రాతలో తప్పులు దొర్లకుండా వుండవు. ఆ తప్పుల్లో కొన్ని దొంగలు దూరే కంతలు. వాటిని పూడ్చడానికి మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబర్ నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం నాడు అతుకులు పంపిస్తోంది. అవి అక్కడ పొద్దున 10 గంటలకి విడుదలవుతాయి. అంటే మనకి మంగళవారం రాత్రి పదిన్నర, చలికాలంలో అయితే పదకొండున్నర. అందుకని మనింట్లో కంప్యూటర్ సణుగుడు మొదలయ్యేది బుధవారం పొద్దున! మా ఇంట్లో కాలెండర్ మీద పాలవాడి లెక్క పక్కనే ఆ బుధవారానికి చిన్న గుర్తు పెట్టుకుంటాను. ఆ రోజు అర్జెంటు పనులేవీ కంప్యూటర్ మీద పెట్టుకోను.

"అయితే మనకెందుకీ బాధ, అప్‌డేట్లే ఆపేస్తే సరిపోదా?" అని మా తోడికోడలు అడిగింది. 2017లో ఏం జరిగిందో చెప్పాను. ఆ సంవత్సరం మే 12న వాన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకింది. కంప్యూటర్‌లో వున్న ఫైళ్లన్నిటికీ తాళం వేసేసి, 300 డాలర్లు కడితే తాళం తీస్తానని తెర మీద బెదిరింపు. ఇంగ్లండులో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. అంత దూరం ఎందుకు? మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లే కొన్ని దాని బారిన పడ్డాయి. చిత్తూరు, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలతో పాటు మన కృష్ణా జిల్లా కూడా ఆ జాబితాలో వుంది. పోలీసువారి ఇంట్లోకే దొంగ దూరాడన్నమాట! ఆ కంతని పూడ్చే అతుకు అదే ఏడాది మార్చి 14నే, అంటే దాదాపు రెండు నెలల ముందే వచ్చింది. వేసుకున్న కంప్యూటర్లకి ఆ పురుగు దూరే దారి లేకపోయింది.

అలాగని అప్‌డేట్లన్నీ అమృతమేమీ కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన అప్‌డేట్ తేడా చేసి, ప్రపంచంలో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో పడిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకి బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అయితే అది పెద్ద సంస్థలు వాడే సరుకు, మన ఇళ్లలోకి రాలేదు. నా మటుకు నేను కొత్త అప్‌డేట్ వచ్చిన నాలుగు రోజులకి వేసుకుంటాను. నాలుగు రోజులు ఆగడం వేరు, నాలుగేళ్లు ఆపేయడం వేరు.

ఆగింది ఎక్కడో ముందు చూడండి

"ఆగిపోయింది" అని అందరం ఒకే మాట అంటాం గానీ ఆగడంలో రెండు రకాలు. కంప్యూటర్ మామూలుగా పనిచేస్తూనే వుండి, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ అనే చోట "డౌన్‌లోడింగ్" అని ఒక అంకె మీద ఆగితే అది మొదటి రకం. దీనికి కంగారు అక్కర్లేదు. నిక్షేపంగా ఆపేసి మళ్లీ వేసుకోవచ్చు. ఇంట్లోకి సరుకు ఇంకా రాలేదు, అంతే.

రెండోది ముందు చెప్పిన నీలం తెర, చుక్కలు. అప్పుడు సరుకు వచ్చేసింది, లోపల సర్దుతోంది. పాత అరలు తీసి కొత్తవి బిగిస్తోంది. ఇక్కడ ఓపిక కావాలి. టవర్ డబ్బా ముందు వైపు, లేదా లాప్‌టాప్ అంచున, సన్నటి లైటు మినుకు మినుకుమంటూ వుంటుంది చూడండి. అది డిస్కు లైటు. (కొన్ని కొత్త లాప్‌టాప్‌లకి ఈ లైటు వుండదు.) అది కొట్టుకుంటున్నంత సేపూ లోపల పని జరుగుతున్నట్టే. 2015, 2016ల్లో కొన్న డెస్క్‌టాప్‌లలో చాలావాటికి తిరిగే హార్డ్ డిస్కే వుంటుంది. వాటిలో ఒక్కో అప్‌డేట్ రెండు మూడు గంటలు పట్టడం మామూలే. అదే ఎస్ఎస్‌డీ వుంటే కాఫీ తాగేలోపు అయిపోతుంది. ఆ ఒక్క పార్టు మార్పించుకుంటే పాత కంప్యూటర్‌కి ప్రాణం లేచొస్తుంది.

మూడు గంటలు దాటింది, అంకె కదల్లేదు, లైటూ మినుకుమనడం లేదు... అప్పుడు పవర్ బటన్ పది సెకన్లపాటు నొక్కిపట్టి ఆపండి. ప్రింటర్, పెన్‌డ్రైవ్, కెమెరా వైరు, ఏవి తగిలించి వుంటే అవన్నీ పీకేసి (కీబోర్డు, మౌస్ వుంచండి) మళ్లీ వెయ్యండి. అప్పుడు "అన్‌డూయింగ్ చేంజెస్" అని కనిపిస్తే భయపడకండి. సగంలో ఆగినదాన్ని వెనక్కి తీసుకుంటోందన్నమాట. దాన్ని మళ్లీ మధ్యలో ఆపితే మాత్రం కష్టం. ఒకవేళ విండోస్ అసలు పైకి రాక, రెండు మూడుసార్లయ్యాక దానంతట అదే మరమ్మతు తెర చూపిస్తే, అందులో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" లోపల "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" అని వుంటుంది. దాంట్లో "లేటెస్ట్ క్వాలిటీ అప్‌డేట్" నొక్కితే చివరగా వచ్చిన అతుకు ఒక్కటే వూడుతుంది. ఫోటోలూ కాగితాలూ ఎక్కడివక్కడే వుంటాయి.

కరెంటు సంగతి వేరే చెప్పాలా? వైశాఖ మాసంలో మన బెజవాడ ఎండలకి ట్రాన్స్‌ఫార్మర్లు కూడా అలిసిపోతాయి! నీలం తెర మీద వుండగా కరెంటు పోతే సగం కుట్టిన జాకెట్టు లాగా అయిపోతుంది వ్యవహారం. లాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే వుంచండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ బ్యాటరీ బతికి వుందో లేదో ఓసారి చూడండి, చాలా ఇళ్లలో అది పేరుకే వుంటుంది. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది గుర్తుందా? అటువంటి హెచ్చరిక వున్న రోజుల్లో విండోస్ అప్‌డేట్ పేజీలో "పాజ్" నొక్కేసి వూరుకోవడం మేలు. 35 రోజుల వరకు ఆపుకోవచ్చు. ఆ తర్వాత అదే మొదలెడుతుంది.

అటక నిండితే అప్‌డేట్ ఎక్కదు

నేను చూసినంతలో నూటికి సగం ఇళ్లలో కారణం ఇదే. సి డ్రైవ్ నిండిపోవడం! మేనకోడలి ఓణీల ఫంక్షన్ వీడియో, తిరుపతి ఫోటోలు, శ్రీవారి ఫోన్ నుంచి దించిన వాట్సాప్ గుడ్ మార్నింగులు... అన్నీ అక్కడే. పెద్ద అప్‌డేట్‌కి 20 జీబీ దాకా ఖాళీ వుండాలి. ఎర్రర్ అంకె 80070070 అని చూపిస్తే అనుమానమే లేదు, చోటు చాల్లేదనే అర్థం.

సెట్టింగ్స్‌లో "సిస్టమ్", అందులో "స్టోరేజ్", అందులో "టెంపరరీ ఫైల్స్" తెరవండి. ఏది ఎంత చోటు తింటోందో వరసగా చూపిస్తుంది. "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్" అని వుంటే అది పాత విండోస్ తాలూకు మూట, చాలా బరువు వుంటుంది. కొత్త వెర్షన్ బాగానే పనిచేస్తోంది అనుకుంటే దాన్ని తీసెయ్యొచ్చు. మీరు తియ్యకపోయినా పది రోజులకి అదే పోతుంది.

ఇక్కడ ఒక్క ప్రమాదం వుంది, జాగ్రత్తగా వినండి. అదే వరసలో "డౌన్‌లోడ్స్" అని ఒకటి వుంటుంది. పేరు చూస్తే చెత్తలాగే వుంటుంది గానీ దాని పక్కన టిక్కు పెట్టి "రిమూవ్" నొక్కితే డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తం పోతుంది. మన ఇళ్లలో పిల్లల హాల్‌టికెట్లు, ఆధార్ కాపీలు, గ్యాస్ బిల్లులు, ఈసీ కాగితాలు అన్నీ వుండేది ఆ ఫోల్డర్‌లోనే కదా! ఆ టిక్కు జోలికి పోకండి.

తేదీ తప్పితే తలుపు తెరుచుకోదు

ఉయ్యూరులో మా ఆడపడుచు ఇంట్లో వింత జరిగింది. కంప్యూటర్ నెట్టు బాగానే వుంది, చోటూ వుంది. అప్‌డేట్ మాత్రం ఎన్నిసార్లు నొక్కినా తప్పు చూపిస్తోంది. బ్యాంకు పేజీ కూడా "ఇది సురక్షితం కాదు" అంటోందట. "వదినా, వైరస్సే వచ్చిందేమో" అని హడలిపోయింది. నేను వెళ్లి చూస్తే కింద కుడి మూలన వున్న తేదీ ఎప్పటిదో 2016! సరిచేస్తే సాయంత్రం వరకు బాగానే వుంది. రాత్రి స్విచ్ తీసి పొద్దున వేసేసరికి మళ్లీ పాత తేదీ.

దీనికి మందు చాలా చిన్నది. డబ్బా లోపల మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి బ్యాటరీ వుంటుంది. దాని పేరు సీఆర్ 2032. కరెంటు లేనప్పుడు గడియారం నడిపేది అదే. కొన్నేళ్లకి అది అయిపోతుంది. గడియారాల కొట్లో కూడా దొరుకుతుంది. అది మార్చాక ఆ కంప్యూటర్‌కి బాకీ పడ్డ అప్‌డేట్లన్నీ వరసగా దిగాయి.

తేదీకీ అప్‌డేట్‌కీ సంబంధం ఏమిటంటారా? అప్‌డేట్ పంపే చోటు నిజమైనదో కాదో కంప్యూటర్ ఒక గుర్తింపు పత్రం చూసి తేల్చుకుంటుంది. ఆ పత్రానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు వుంటుంది. మన కంప్యూటర్ తాను 2016లో వున్నాననుకుంటే, "ఇంకా మొదలే కాని పత్రం తెచ్చావేమిటి?" అని తలుపు వెయ్యక ఏం చేస్తుంది పాపం! టైమ్ జోన్ కూడా చూడండి. చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని వుండాలి.

నెట్టు విషయంలో చెప్పుకోవలసింది కొంచెమే. సెట్టింగ్స్‌లో "మీటర్డ్ కనెక్షన్" అని ఒక స్విచ్ వుంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ వాడేటప్పుడు డేటా అయిపోకుండా పిల్లలు దాన్ని ఆన్ చేస్తారు. అది ఆన్‌లో వున్నంతకాలం చాలా అప్‌డేట్లు దిగవు. ఇంటి వైఫైకి మారాక ఆఫ్ చెయ్యమనండి.

కాలవ పూడిక తీసినట్టు

పైవన్నీ చూశారు, అయినా డౌన్‌లోడ్ అదే అంకె మీద కూర్చుంది. అప్పుడు చేసే పని ఇది. మన డెల్టాలో ప్రతి వేసవిలో కాలవలు కట్టేసి పూడిక తీసి, మళ్లీ నీళ్లు వదులుతారు కదా, సరిగ్గా అదే.

ముందు విండోస్ వాళ్లే పెట్టిన "ట్రబుల్‌షూట్" ఒకటి వుంది. సెట్టింగ్స్ వెతుకుడు పెట్టెలో ఆ మాట టైపు చేసి, విండోస్ అప్‌డేట్ ఎదురుగా వున్న "రన్" నొక్కండి. చాలాసార్లు దీంతోనే సరిపోతుంది. సరిపోకపోతే మనమే దిగాలి.

స్టార్ట్ మెనూలో "సర్వీసెస్" అని టైపు చేస్తే పెద్ద పట్టీ తెరుచుకుంటుంది. అందులో "విండోస్ అప్‌డేట్" మీద మౌస్ కుడి బటన్ నొక్కి "స్టాప్" అనండి. అలాగే "బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్" అనేదాన్ని కూడా. ఇప్పుడు కాలవ కట్టేసినట్టు. తర్వాత సి డ్రైవ్‌లో "విండోస్" ఫోల్డర్, అందులో "సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్", అందులో "డౌన్‌లోడ్". దీని లోపల వున్నవన్నీ సగం సగం దిగిన ముక్కలు. ఆ ముక్కల్నే తీసెయ్యండి, ఫోల్డర్‌ని అలాగే వుంచండి. ఇందాక ముట్టుకోవద్దన్న డౌన్‌లోడ్స్ వేరు, ఇది వేరు. ఇందులో మన సొంత కాగితం ఒక్కటీ వుండదు. తర్వాత కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, "చెక్ ఫర్ అప్‌డేట్స్" నొక్కండి. మొదటి నుంచి శుభ్రంగా దిగుతుంది. అడుగంటిన పాలలోనే కొత్త పాలు పోస్తే ఆ వాసన పోతుందా? గిన్నె కడిగి మళ్లీ పెట్టాలి కదా!

"సర్వీసెస్" పట్టీలో విండోస్ అప్‌డేట్ ఎదురుగా "డిజేబుల్డ్" అని వుందనుకోండి. అది దానంతట అది అవలేదు. ఎవరో కావాలనే ఆపారు. కొన్ని చోట్ల కొనకుండా వేసే దొంగ విండోస్‌తో ఇలా చేసి పంపుతారు. అప్పుడు ఇంటి చిట్కాలు పనిచెయ్యవు, అసలు విండోస్ కొనుక్కోవడమే మంచిది.

ఇంకొక్క మెట్టు వుంది. ఇంట్లో పదో తరగతి దాటిన పిల్లలుంటే వాళ్లని పక్కన కూర్చోపెట్టుకోండి. స్టార్ట్ మెనూలో "కమాండ్ ప్రాంప్ట్" వెతికి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" అంటే నల్లటి కిటికీ తెరుచుకుంటుంది. అందులో డీఐఎస్ఎం అనే నాలుగు అక్షరాలు, ఖాళీ, స్లాష్ ఆన్‌లైన్, ఖాళీ, స్లాష్ క్లీనప్ గీత ఇమేజ్, ఖాళీ, స్లాష్ రీస్టోర్‌హెల్త్ అని కొట్టి ఎంటర్ నొక్కాలి. అది అయ్యాక ఎస్ఎఫ్‌సీ, ఖాళీ, స్లాష్ స్కాన్‌నౌ. చెడిపోయిన విండోస్ ఫైళ్లని ఇవి వెతికి బాగుచేస్తాయి. ఒక అంకె మీద చాలాసేపు నిలబడతాయి, కిటికీ మూసెయ్యకండి. ఈలోగా పప్పు నానబోసి రండి.

ఒక్కోసారి మన ఇంట్లో ఏ లోపమూ లేకపోయినా అప్‌డేట్ ఎక్కదు. 2024 జనవరిలో వచ్చిన కేబీ5034441 అనే అప్‌డేట్ అటువంటిదే. దానికి రికవరీ పార్టిషన్ అనే దాపుడు గదిలో 250 ఎంబీ ఖాళీ కావాలి. చాలా పాత కంప్యూటర్లలో ఆ గదే చిన్నది. 80070643 అనే తప్పు చూపించి ఆగిపోయేది. దానంతట అది సర్దుకునే ఏర్పాటు చెయ్యలేమని తర్వాత మైక్రోసాఫ్టే చెప్పింది. అటువంటప్పుడు కేబీ అంకెనీ, ఎర్రర్ అంకెనీ కాగితం మీద రాసుకుని పెట్టుకోండి. దుకాణానికి వెళ్లినా "ఏదో అయింది బాబూ" అనకుండా ఆ కాగితం చూపిస్తే మీతో మాట్లాడే తీరే మారిపోతుంది!

"ఫార్మాట్ కొట్టేద్దాం ఆంటీ!"

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇక్కడుంది. మా పక్క వీధిలో పిన్నిగారు ఒకావిడ వున్నారు. బాబాయిగారు పోయి కొన్నేళ్లయింది. ఆయనకి పాటలంటే ప్రాణం. హార్మోనియం ముందేసుకుని పాడుకున్నవి ఆయనే కంప్యూటర్‌లో రికార్డు చేసి పెట్టుకునేవారు. ఒకసారి అప్‌డేట్ ఆగిపోయి విండోస్ పైకి రాలేదు. దుకాణానికి పంపారు. కుర్రవాడు ఫోన్ చేసి "ఫార్మాట్ కొట్టేద్దాం ఆంటీ, కొత్తదానిలా అయిపోతుంది" అన్నాడు. ఆవిడ "సరే బాబూ" అన్నారు. ఆ మాటకి అర్థం ఆవిడకి తెలియదు, అతను చెప్పలేదు. సాయంత్రానికి కంప్యూటర్ నిజంగానే కొత్తదానిలా వచ్చింది. పాటలు లేవు. "ఆయన గొంతు మళ్లీ ఎక్కడ వినను అమ్మాయ్" అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఫార్మాట్ అంటే డిస్కు తుడిచేయడం. దుకాణంవాళ్లకి అది అరగంటలో అయ్యే పని, కారణం వెతకడం రెండు గంటల పని. వాళ్లని తిట్టి లాభం లేదు, మనమే అడగాలి. "ముందు నా ఫైళ్లు వేరే డిస్కులోకి తియ్యండి, నాకు తెరిచి చూపించండి, ఆ తర్వాతే మిగతా పని" అని చెప్పండి. విండోస్ పైకి రాకపోయినా ఆ డిస్కుని విప్పి వేరే కంప్యూటర్‌కి తగిలించి ఫైళ్లు తీసుకోవచ్చు. డిస్కే చెడిపోతే తప్ప ఇది సాధ్యమే. కొత్త లాప్‌టాప్‌లలో డిస్కుకి తాళం వుంటుంది. దానికి 48 అంకెల రికవరీ కీ కావాలి. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో భద్రంగా వుంటుంది. ఒక్కోసారి అప్‌డేట్ తర్వాత కంప్యూటరే ఆ కీ అడుగుతుంది. కాబట్టి ఆ అకౌంట్ మెయిలు, పాస్‌వర్డు పిల్లలకే కాదు, మీకూ తెలిసి వుండాలి.

ఫార్మాట్ కంటే ముందు ఇంకా దారులున్నాయి. "రీసెట్ దిస్ పీసీ" లో "కీప్ మై ఫైల్స్" అనేది ఎంచుకుంటే విండోస్ కొత్తగా పడుతుంది, ప్రోగ్రాములు పోతాయి, ఫోటోలూ కాగితాలూ వుంటాయి. విండోస్ 11లో అయితే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ లోపల "ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్" అని వుంది. దీంతో ప్రోగ్రాములు కూడా పోకుండానే విండోస్ మళ్లీ వేసుకోవచ్చు. ఈ రెండూ అయ్యాకే ఫార్మాట్.

ఏం చేసినా ముందు నకలు తీసుకోండి. పెళ్లి ఫోటోలు, పెద్దవాళ్ల గొంతులు, పొలం కాగితాలు ఒక బయటి డిస్కులోకి, వీలైతే ఇంకో వూళ్లో వున్న చెల్లెలి ఇంట్లోనో, గూగుల్ డ్రైవ్‌లోనో మరొకటి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. కంప్యూటరూ, దాని పక్క సొరుగులో పెట్టిన డిస్కూ ఒకే నీళ్లలో నానితే రెండు నకళ్లు వున్నా ఒకటే!

ఫోన్ నంబరు కనిపిస్తే మోసమే

కంప్యూటర్ ఆగిందన్న కంగారులో ఫోన్‌లో "విండోస్ హెల్ప్‌లైన్" అని వెతుకుతాం. లేదా తెర నిండా ఎర్రటి హెచ్చరిక, "మీ కంప్యూటర్ ప్రమాదంలో వుంది, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి" అని పెద్ద కూత! మైక్రోసాఫ్ట్ ఇచ్చే అసలు హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ వుండదు. ఆ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. ఆ నంబరుకి చేస్తే తియ్యగా మాట్లాడి, ఎనీడెస్క్ లాంటిది వేయించి, మన కంప్యూటర్ వాళ్ల చేతుల్లోకి తీసుకుంటారు. అక్కడి నుంచి బ్యాంకు ఖాతా ఎంత దూరం? అప్పటికే డబ్బు పోయివుంటే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వ సైబర్ నేరాల నంబరు. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

ఇంకా విండోస్ 10లోనే వున్నారా?

విండోస్ 10 వచ్చింది 2015 జూలైలో. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. అందుకని కొన్ని ఇళ్లలో ఆగినది చెడిపోయి కాదు, గడువు అయిపోయి! ఇళ్లలో వాడేవారికి మాత్రం భద్రతా అతుకులు 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ గడువు పెంచింది. దానికి విండోస్ అప్‌డేట్ పేజీలోనే పేరు నమోదు చేసుకోవాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టుకుంటే డబ్బు కట్టక్కర్లేకుండా నమోదు చేసుకునే వీలు ఇచ్చింది.

చిక్కేమిటంటే ఈ అవకాశం 22హెచ్2 అనే చివరి వెర్షన్ వున్నవాళ్లకే. అప్‌డేట్ ఎప్పుడో ఆగిపోయిన కంప్యూటర్‌లో పాత వెర్షనే వుండిపోతుంది, నమోదు చేసుకోమనే మాటే కనిపించదు. గుడివాడలో మా పెద్దమ్మ కూతురి ఇంట్లో ఇదే జరిగింది. చోటు ఖాళీ చేసి, పూడిక తీసి, ఆదివారం పొద్దున పెడితే సాయంత్రం దీపాల వేళకి 22హెచ్2 దిగింది. సెట్టింగ్స్, సిస్టమ్, "అబౌట్" లోపలికి వెళ్తే మీ ఇంట్లో ఏ వెర్షన్ వుందో కనిపిస్తుంది.

విండోస్ 11కి మారాలంటే కంప్యూటర్‌లో 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు వుండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం గానీ తర్వాతది గానీ కావాలి. "పీసీ హెల్త్ చెక్" అనే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాము వేసుకుంటే మీదానికి అర్హత వుందో లేదో అదే చెబుతుంది. లేకపోతే కంప్యూటర్ పాతసామాన్ల వాడికి ఇచ్చేయాలనేం లేదు. బ్యాంకు పనులకీ, మెయిళ్లకీ దాన్ని వాడటం మానేసి, నెట్టు తీగ పీకేసి, పాత ఫోటోలు చూసుకోవడానికీ, పిల్లలు టైపింగ్ నేర్చుకోవడానికీ వుంచుకోవచ్చు. మా ఇంట్లో పాతది అలాగే వుంది. అత్తయ్యగారు మధ్యాహ్నాలు దాని మీద పేకాట ఆడుకుంటారు.